నేను ఏరిన పొట్టేలు

మా తర్కశాస్త్రం క్లాసులో ఒక గ్రీకు పెద్దమనిషి రోజూ చచ్చిపోయేవాడు. మనుషులందరూ చచ్చేవాళ్ళే, ఆయన మనిషి, కాబట్టి ఆయన చస్తాడు. సోమవారం చచ్చేవాడు, మంగళవారం మళ్ళీ చచ్చేవాడు. దసరా సెలవులు దగ్గరపడే నాటికి ఆయన మీద మాకు జాలి కూడా మిగల్లేదు. ఎప్పుడో వేల ఏళ్ళ కింద పోయినవాడు పోతాడని నిరూపించడానికి సర్కారు ఒక మనిషికి జీతమిచ్చి ఎందుకు పెట్టిందో నాకు అంతుపట్టేది కాదు.

అసలు నేనా క్లాసులో ఉండాల్సినవాణ్ణే కాదు. మాది కోస్గి దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. పశువుల డాక్టరును కావాలని పాలమూరుకు పీయూసీ చదవడానికి వచ్చాను. అరవైల మొదటి రోజులవి. అర్జీ పట్టుకొని కిటికీ ముందు నిలబడితే లోపలి గుమాస్తా తలెత్తకుండానే, "సైన్సుల జాగ లేదు. లాజిక్కుల ఉంది. రాయాల్నా వద్దా, జల్ది చెప్పు, నీ ఎనుక పదిమందున్నరు" అన్నాడు. లాజిక్కు అంటే ఏమిటో తెలియదు. రాయమన్నాను. ఒక మనిషి బతుకు ఏ దారిన పోవాలో అలా నిర్ణయమైపోతుందని ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

పాఠం చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినాయన. మంచివాడే. కాకపోతే ఆయన చేతిలోని నోట్సు కాగితాలు పసుప్పచ్చగా మారి అంచులు రాలిపోతుండేవి, ఆయన చూపు వాటి మీంచి లేచేది కాదు. "హంసలన్నీ తెల్లనివి" అని రాయించేవారు. మాలో ఒక్కడు కూడా హంసను చూసిన పాపాన పోలేదు. ఒకరోజు నేను లేచి, "సార్, హంసలు మాకు తెల్వదు, గొర్రెలన్నీ నల్లవి అని రాసుకోవచ్చునా" అని అడిగాను. మా పాలమూరు గొర్రెలు నల్లవే మరి. క్లాసంతా నవ్వింది. సారు కళ్ళజోడు తీసి, "గొర్రెలు వద్దు నాయనా, తర్కంలో గొర్రెలు బాగుండవు" అన్నారు.

ఎందుకు బాగుండవో చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా హంసలే రాసుకున్నాను.

ఒక్క పాఠం మాత్రం నా తలకెక్కింది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణాన పండు రాలింది. కాకి వల్ల రాలినట్టా? కాదు. మాగింది కాబట్టి రాలింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కానక్కరలేదు, అదే కాకతాళీయం. ఆ వాక్యం కింద ఎర్రసిరాతో మూడు గీతలు గీసి హాస్టల్లో కనిపించిన ప్రతివాడి మీదా ప్రయోగించాను. నా పక్క మంచం వాడు వంకాయ కూర తిని కడుపునొప్పి అంటే, "కూర తిన్నావు, తర్వాత నొప్పి లేచింది. కూర వల్లే లేచిందని ఎట్లంటవు?" అన్నాను. వాడు కోపంగా తన గిన్నెలో మిగిలిన కూర నా ముందు పెట్టాడు. నేను తిన్నాను. ఆ తర్వాత ఇద్దరం కలిసే బాధపడ్డాం. అప్పుడైనా బుద్ధి రావలసింది.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడటం లేదు. రొట్టె ముందు పెట్టుకొని నాయిన తుంచనైనా తుంచలేదు. ఏమైందని అడిగాను.

"మూడు జీవాలు సచ్చినయి."

"ఎందుకు?"

నాయిన వాకిట్లోకి చూసి గొంతు తగ్గించాడు. "మీ పెద్దమ్మ దొడ్లె అడుగు పెట్టింది."

పెద్దమ్మ మా నాయిన అన్న భార్య. నేను పుట్టకముందే పెదనాయన పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. ఆమె వాటాకు వచ్చిన ఇరవై గొర్రెలు మా మందలోనే ఉండేవి. భర్త పోయిన మనిషి గొర్రెల దొడ్డిలోకి పోకూడదని మా ఇంట్లో ఒక పట్టింపు. అందుకని ఆమె ముళ్ళకంప బయటే కూర్చొని గంపల కింద మూసిన గొర్రెపిల్లలను చూసుకునేది, తల్లి చచ్చినవాటికి గుడ్డ ముంచి పాలు పట్టేది. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు దారి పక్కన నిలబడి ఒక్కొక్కదాన్ని చూసేది. నాయిన గొర్రెలను లెక్కపెట్టేవాడు, పెద్దమ్మ వాటి మొఖాలు చూసేది. ఆమెకు రోజంతా అదే పని. ఆ మంద తప్ప ఆమెకు లోకం లేదు.

ఇప్పుడు ఆమె మూడుసార్లు దొడ్డిలోకి పోయిందట. మూడుసార్లూ రెండు మూడు రోజుల్లో ఒక గొర్రె చచ్చిందట. కులపెద్దలు కూర్చొని ఆమెను మందకు దూరం పెట్టాలంటున్నారు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇలా చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే. నాలుగు నెలలు మోసిన చదువుకు మొదటిసారి ఒక పని దొరికింది. నాయినకు కాకినీ, తాటిపండునూ వివరంగా చెప్పాను. నాయిన మొత్తం విన్నాడు.

"కాకి ఒక్కపారి వాల్తే నువ్వన్నది సరే" అన్నాడు. "మూడుపార్లు వాలింది, మూడుపార్లు పండు పడ్డది. నాలుగోపారి వాలినప్పుడు నువ్వు చెట్టు కింద కూసుంటవా?"

బడి ముఖం చూడని మనిషి ఒక్క మాటతో నా ఎర్రగీతలు మూడింటినీ చెరిపేశాడు. నాకు చిరాకెత్తి, "నీకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే" అన్నాను. నాయిన రొట్టె వదిలేసి లేచిపోయాడు.

ఇంత జరుగుతున్నా పెద్దమ్మను పిలిచి ఒక్క మాట అడగాలని నాకు తట్టలేదు. ఆమె నేరస్థురాలని ఊరు అంటోంది, కాదని నేనంటున్నాను. మధ్యలో ఆమెతో పనేముంది?

మర్నాడు పొద్దున మా దొడ్డి పక్కన బీరప్ప గుడి ముందు పెద్దలు చేరారు. కులపెద్ద నాకు వరసకు తాత. ఆయన పాత పద్ధతి ఒకటి చెప్పాడు. పొట్టేలు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు దులిపితే దేవుడు సరేనన్నట్టు, దులపకపోతే కాదన్నట్టు. దులిపితే పెద్దమ్మ తప్పు లేదు, దులపకపోతే ఆమె మంద ఛాయలకు రాకూడదు. జాతరలో మొక్కు చెల్లించేటప్పుడు చూసే ఆనవాయితీ ఇది. దాన్ని తెచ్చి ఒక మనిషి బతుకు మీద పెట్టారు.

నేను ఆగలేకపోయాను. "తాతా, నీళ్ళు పోస్తే ఏ గొర్రైనా దులుపుతది. వానల తడిస్తే దులపదా? వాగుల ముంచితే దులపదా? అది దేవుడు జెప్పుడు గాదు, తడి వదిలించుకునుడు."

తాత నిదానంగా అడిగాడు. "ఏ గొర్రైనా దులుపుతదా?"

"దులుపుతది."

"అన్ని?"

"అన్ని."

"మరింకేంది పిలగా? నీ లెక్కన మీ పెద్దమ్మ గెల్సినట్టే గద. ఇంక కొట్లాట దేనికి?"

అందరూ తలూపారు. అక్కడ నేను ఆగవలసింది. అందరినీ గెలిపించే పరీక్ష పరీక్షే కాదని నాకు తెలుసు. ఆ ముక్క నోట్సులో కూడా ఉంది. కానీ ఎలాగూ పెద్దమ్మే గెలుస్తుంది కదా, తప్పుడు దారిన వచ్చినా గెలుపు గెలుపే కదా అనుకున్నాను. పైగా తెలివి చూపించాలన్న దురద ఒకటి. ఎవడైనా మొండి పొట్టేలును తెచ్చి మోసం చేస్తాడేమోనని, "పొట్టేలును నేనే ఏరుత" అన్నాను. తాత, "ఏరుకో" అన్నాడు.

దొడ్డిలోకి పోయాను. చేయి చాపితే గొర్రెలన్నీ చెల్లాచెదురయ్యాయి. హాస్టల్లో పడి నా చేతి ఒడుపు పోయింది, ఒక్కటి చిక్కలేదు. పెద్దలు చూస్తున్నారన్న ఉక్రోషం. చివరికి మూలన ఒక పెద్ద కొమ్ముల పొట్టేలు కదలకుండా నిలబడి కనిపించింది. చెవి పట్టుకుంటే వెంట నడిచి వచ్చింది. ఎంత బుద్ధిమంతమైన జీవమో అనుకున్నాను.

కంప దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. నేను బయటికి రాగానే, "అది వద్దు బిడ్డా" అంది.

"నువ్వుండు పెద్దమ్మా. నేను జూస్కుంట."

"అది గాదు బిడ్డా, గా పొట్టేలు..."

"నీకు తెల్వది పెద్దమ్మా, ఇది తర్కం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి తగ్గింది.

చెంబెడు పసుపునీళ్ళు మెడ నుంచి తోక దాకా పోశారు. పొట్టేలు కదల్లేదు. ఇంకో చెంబు పోశారు. చెవుల కొసల నుంచి చుక్కలు కారుతున్నాయి, అది నిలబడే ఉంది. మూడో చెంబుకు కళ్ళు మూసుకుంది. నేను వంగి దాని చెవిలో ఊదాను. "ఊదొద్దు, ఊదొద్దు" అని నలుగురు అరిచారు. నా జీవితంలో ఏ గొర్రెనూ నేను అంతగా బతిమాలలేదు. దులుపు, ఒక్కసారి దులుపు, నీ కాళ్ళు మొక్కుతా అని లోలోపలే వేడుకున్నాను.

అది దులపలేదు.

"అన్ని దులుపుతయన్నవు" అన్నాడు తాత. "ఇది దులపలే. అంటే ఇది గొర్రె గాదా?"

జనం నవ్వారు. అన్నీ అన్నమాటను కూల్చడానికి ఒక్కటి చాలని ఆ క్లాసులోనే నేర్చుకున్నాను. ఆ ఒక్కదాన్ని నేనే ఏరి, చెవి పట్టి నడిపించుకొచ్చి వాళ్ళ చేతిలో పెట్టాను. ఇది పరీక్షే కాదు, చెల్లదు అని అరిచాను. నిమిషం ముందు ఒప్పుకున్నదెవరని ఎవరో అడిగారు. పెద్దమ్మ గొర్రెలు మందలోనే ఉంటాయి, పెద్దమ్మ మాత్రం మంద కనబడే దూరంలో ఉండకూడదు అని తీర్పు చెప్పి, తుండుగుడ్డలు దులుపుకొని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఆమె రెండు చీరలు మూటకడుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. ఆత్మకూరు దగ్గర ఆమె తమ్ముడి ఊరు. అక్కడికి పోతానంది. మంద కనబడకుండా ఈ ఇంట్లో ఏం చేయాలి అంది.

"ఆ పొట్టేలు ఎందుకు దులపలేదో పెద్దమ్మా" అన్నాను. ఆమెతో అన్నది కూడా కాదు, నాలో నేను అనుకున్నాను.

"దానికి పానం బాగలేదు" అంది. "మూడు దినాల సంది ఎనుకబడి వస్తాంది. దవడ కింద నీరు దిగింది. దులిపేటంత సత్తువ యాడిది దానికి? అందుకే వద్దంటి."

"మరి అంతకుముందు మూడుసార్లు దొడ్లెకు ఎందుకు పోయినవు?"

ఆమె నా వైపు వింతగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "ఎందుకేంది బిడ్డా? గవి గూడ గట్లనే ఎనుకబడ్డయి. దవడ పట్టి చూద్దామని పోయిన. కండ్ల రెప్పలు తెల్లగ పాలిపోయినయి. ఇంక బతకవని అప్పుడే ఎరుకైంది."

ఆమె దొడ్డిలోకి పోవడం వల్ల గొర్రెలు చావలేదు. గొర్రెలు చచ్చేలా ఉన్నాయి కాబట్టి ఆమె పోయింది. ఊరు తలకిందులుగా చూసింది. నేను అసలు సంబంధమే లేదని కొట్టిపారేశాను. సంబంధం ఉంది, ఇటు నుంచి అటు కాక అటు నుంచి ఇటు ఉంది. నాయిన మాటలోనూ సగం నిజం ఉంది. మూడుసార్లు కాకి వాలిందంటే పండు మాగిన వాసన దానికి తెలిసిందని అర్థం. తర్కం చదివినవాడికి ఇది తట్టలేదు.

"మరి పెద్దల ముందర ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా!" నేను దాదాపు అరిచాను. ఎవరి మీద కోపమో ఎవరి మీద చూపిస్తున్నానో నాకే తెలియదు.

"ఎవ్వరడిగిన్రు?" అంది. "నువ్వు గూడ ఉండమంటివి గద."

అప్పటికప్పుడు తాత ఇంటికి పరుగెత్తి మొత్తం చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, "కావొచ్చు పిలగా. కని దేవుడు జెప్పినంక మనిషి మాట ఎవరింటరు?" అన్నాడు. మర్నాడు పెద్దమ్మ బయలుదేరింది. పోయేముందు నాయినను పిలిచి, "చెరువు శిఖంల మేపకు. గా బురదగడ్డితోనే వస్తాంది గీ రోగం. ఇది నాలుగోపారి చెప్పుడు" అంది. ఆ ఏడు వానలు ముందే ఆగిపోయి గుట్టలు ఎండిపోయాయి. నీళ్ళు వెనక్కి తగ్గిన చెరువు లోపలి జాగాలో, శిఖంలో, పచ్చగా కనిపిస్తోందని మందను అక్కడికి తోలుతున్నారు. నాయిన తల వంచుకొని ఊ అన్నాడు. ఆమె కోస్గి దారి పట్టిన మధ్యాహ్నమే పొట్టేలు చచ్చింది. పోతూ పోతూ దాన్ని కూడా తీసుకపోయిందని అన్నారు. ఏమన్నా అలాగే అంటారని అప్పటికి నాకు అర్థమైంది.

నాయిన మందను గుట్టలకు మళ్ళించాడు. ఎండు గడ్డైనా సరే, శిఖం వైపు పోనివ్వలేదు. ఆ వారంలోనే ఇంకో రెండు జీవాలు పోయాయి, అవి అప్పటికే నీరుదిగినవి. ఆ తర్వాత ఒక్కటీ చావలేదు.

ఇక ఊరికి వేరే రుజువు అక్కరలేకపోయింది. ఆమె పోయింది, చావులు ఆగాయి. సంక్షిప్తంగా, సుందరంగా ఉంది. ఆ గ్రీకు పెద్దమనిషి చావంత ఖాయంగా ఉంది.

"శిఖంల మేపుడు బంద్ పెట్టినవు గదా, అందుకే ఆగినయి. ఆ మాట నలుగురిల చెప్పరాదు నాయినా" అని పోరాను.

"రెండు ఒక్కనాడే జరిగినయి" అన్నాడు నాయిన. "ఆమె పోయింది, నేను శిఖం ఇడిసిన. ఏది పనిచేసిందో నాకేమెరుక? ఆమెను మళ్ళ పిలిచి చూద్దామంటే, ఒక్క గొర్రె సచ్చినా ఆమెను బతకనియ్యరు."

అది భయమో, తెలివో, ప్రేమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ రోజు మాత్రం చాలా కోపం వచ్చింది.

వార్షిక పరీక్షలో కాకతాళీయానికి సొంత ఉదాహరణ ఇవ్వమన్నారు. నేను కాకి అనే రాశాను. ఫస్టుమార్కు వచ్చింది.

ఎండాకాలంలో పెద్దమ్మ తమ్ముడి ఊరికి పోయాను. ఆ ఇంట్లో గొర్రెల్లేవు, పల్లి చేను ఉంది. పెద్దమ్మ అరుగు మీద కూర్చొని విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి మొదట అడిగింది జీవాల గురించే.

"మంచిగున్నయి పెద్దమ్మా. నీవి ఆరు ఈనినయి. దసరా ఎల్లినంక ఒక్కటి గూడ చావలేదు."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఒలవడం ఆపింది. చేతిలోని కాయను చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ."

"నేను వచ్చినప్పటి సందేనా?"

అప్పుడు గానీ ఆమె మనసు ఎటు పోతోందో నాకు తెలియలేదు. గబగబా చెప్పాను, నాయిన శిఖంలో మేపడం మానేశాడని, ఆమె చెప్పినట్టే చేశాడని, ఆమె మాట వల్లే మంద నిలిచిందని. ఒకటికి రెండుసార్లు, వేళ్ళు మడిచి మరీ చెప్పాను. నా చదువంతా పోసి చెప్పాను. ఈసారి నా తర్కంలో ఒక్క తప్పు లేదు.

ఆమె మొత్తం వింది.

"ఏమో బిడ్డా" అంది. "అందరంటే నమ్మకపోతి. నేను రాంగనే ఆగినయంటే, నాలనే ఏమన్న ఉన్నదేమో."

చేట దగ్గరికి లాక్కొని మళ్ళీ పల్లికాయ ఒలవసాగింది.